మావయ్య షెడ్డు, మూడు ప్రశ్నలు

బెజవాడ ఆటోనగర్లో మా మావయ్యకి కార్ల షెడ్డు ఉండేది. 1980ల్లో నా ఎండాకాలం సెలవులు చాలావరకు అక్కడే గడిచాయి. ఆటోనగర్ అంటే ఎవరికైనా ముందు లారీలే గుర్తొస్తాయి. బాడీలు కట్టేవాళ్లు, కమాన్ కట్టలు వేసేవాళ్లు, లేత్ పనివాళ్లు, రేడియేటర్లకి మాట్లు వేసేవాళ్లు, పాత సామాన్లు అమ్మేవాళ్లు... ఏ సందులోకి వెళ్లినా అదే చప్పుడు, అదే గ్రీజు వాసన. కార్ల షెడ్లు వాటి మధ్యలో అక్కడొకటీ ఇక్కడొకటీ ఉండేవి. మావయ్య దగ్గరికి ఎక్కువగా అంబాసిడర్లు వచ్చేవి, వాటి తర్వాత ఫియట్లు.

మావయ్య చదివింది ఐదో తరగతి. ఆగిపోయిన బండి ఏదొచ్చినా ఆయన మూడు ప్రశ్నలతో మొదలుపెట్టేవాడు. "అల్లుడూ, కరెంటు వస్తందా? పెట్రోలు వస్తందా? కంప్రెషన్ ఉందా? ఈ మూడూ ఉంటే బండి స్టార్టవ్వక ఎక్కడికి పోద్ది?" అనేవాడు. కంప్రెషన్ అంటే సిలిండర్లో పిస్టన్ గాలినీ పెట్రోలునీ కలిపి అదిమే బిగువు. తర్వాత కాలేజీలో పెట్రోలు ఇంజన్ గురించి నేను చదివిన పాఠాలన్నీ ఆ మూడు ప్రశ్నల్లోనే ఎక్కడో ఒకచోట సర్దుకున్నాయి. ఇంజన్ల చరిత్ర మీద ఇష్టం కూడా నాకు అక్కడే మొదలైంది. షెడ్డులో చేత్తో పట్టుకున్న ఒక్కో సామానూ ఎవరు కనిపెట్టారు, ఎందుకు కనిపెట్టాల్సి వచ్చింది అని వెతుక్కుంటూ పోయాను.

కరెంటు అంటే స్పార్కు. ప్లగ్గు వైరు ఊడదీసి, పొడిగుడ్డతో పట్టుకుని, దాని కొన ఇంజన్ బ్లాకుకి కాస్త ఎడంగా ఉంచి హ్యాండిల్ తిప్పమనేవాడు. నీలంగా, టక్కుమని దూకితే సరే. పసుప్పచ్చగా నీరసంగా ఉంటే డిస్ట్రిబ్యూటర్ మూత తీసేవాడు. లోపల పాయింట్లు ఉంటాయి, కలుస్తూ విడిపోతూ ఉండే రెండు చిన్న బిళ్లలు. అవి విడిపోయిన క్షణంలో కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి ప్లగ్గుకి చేరతాయి. వాటి మధ్య గ్యాపు 15 థౌ ఉండాలి. అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 15. ప్లగ్గు గ్యాపు 25 థౌ. రోడ్డు మీద ఫీలర్ గేజ్ (గ్యాపు కొలిచే పల్చటి రేకు) లేకపోతే మావయ్య ప్లగ్గు గ్యాపులో హాక్సా బ్లేడు ముక్క దూర్చి చూసేవాడు. చేత్తో కోసే హాక్సా బ్లేడు మందం దాదాపు అంతే ఉంటుంది. పాయింట్లలో గేజ్ పెట్టేముందు మాత్రం దాన్ని శుభ్రంగా తుడవాలనేవాడు. గేజ్‌కి అంటిన నూనె పాయింట్ల మీద మిగిలితే అది కాలి నల్లగా పేరుకుంటుంది, రెండు రోజులకే బండి మళ్లీ షెడ్డుకొస్తుంది.

ఊడదీసిన ప్లగ్గు చూసి ఇంజన్ జాతకం చెప్పేవాడు. కొన లేత గోధుమ రంగులో ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తడిగా, నూనెగా ఉంటే పిస్టన్ రింగులు అరిగాయి, సిలిండర్ బోరింగు పని దగ్గరపడింది. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలడం లేదు, వేడి ఎక్కువైపోతోంది. నాలుగు ప్లగ్గులూ ఏ సిలిండర్‌వి ఆ వరసలోనే బల్ల మీద పెట్టాలి. వరస కలిపేశారంటే కుర్రాళ్లకి చీవాట్లే.

ఈ పాయింట్లూ కాయిలూ పద్ధతిని కార్లలో నిలబెట్టినవాడు అమెరికాలోని డేటన్ ఊరికి చెందిన చార్లెస్ కెట్టరింగ్. అంతకుముందు ఆయన దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే కంపెనీలో పనిచేశాడు. అక్కడ గల్లాపెట్టె మీట నొక్కితే కరెంటుతో తిరిగే చిన్న మోటారు తయారుచేశాడు. మోటారు రోజంతా తిరగాలంటే పెద్దది కావాలి, ఒక్క క్షణం తిరిగి ఆగిపోయేదైతే చిన్నదే పెద్ద బరువు లాగేస్తుంది. ఈ ఆలోచనే తర్వాత కారుకి పనికొచ్చింది. 1912 మోడల్ క్యాడిలాక్ కార్లకి సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది ఆయన చేతిమీదుగానే. అప్పటిదాకా బండి ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాల్సిందే. ఇంజన్ ఎదురుతన్నితే మణికట్లు విరిగేవి, దవడలు పగిలేవి.

మా షెడ్డుకొచ్చే అంబాసిడర్లకి సెల్ఫ్ ఉన్నా, ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ పెట్టడానికి బెజ్జం ఉండేది. బ్యాటరీ దిగిపోయినప్పుడు అదే దిక్కు. హ్యాండిల్ పట్టుకోవడం మావయ్య నాకు ప్రత్యేకంగా నేర్పాడు. మిగతా నాలుగు వేళ్లతో పాటే బొటనవేలు కూడా ఒకే వైపు ఉండాలి, పిడికిలి బిగించినట్టు చుట్టూ వేయకూడదు. కిందకి నొక్కకూడదు, పైకి లాగాలి. అప్పుడు ఇంజన్ ఎదురుతన్నినా హ్యాండిల్ వేళ్ల లోంచి జారిపోతుంది, చెయ్యి మిగులుతుంది. నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, ఒక్కో సిలిండర్ బిగువు తగిలే చోటు చూపించాడు. ఇంజన్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి నెమ్మదిగా తిప్పుతుంటే, హ్యాండిల్ రెండు చుట్లు పూర్తయ్యేలోపు నాలుగుసార్లు బిగుసుకోవాలి. ఒకచోట తేలిగ్గా జారిపోతే ఆ సిలిండర్లో కంప్రెషన్ లేదన్నమాట. వాల్వు కాలిందో, హెడ్ గాస్కెట్ (బ్లాకుకీ దాని మీది హెడ్డుకీ మధ్య ఉండే రేకు) పోయిందో. మూడో ప్రశ్నకి జవాబు ఇలా అరచేతికే తెలిసిపోయేది. కంప్రెషన్ గేజ్ తర్వాత ఎప్పుడో కొన్నాడు. చేత్తో చూశాకే దాన్ని పెట్టేవాడు.

ఆ అంబాసిడర్ ఇంజన్ సంగతి నాకు తెలిసినప్పుడు ఎంత సంబరపడ్డానో. 1959 నుంచి ఆ కారులో పెట్టింది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి సిరీస్ ఇంజన్, 1489 సీసీ. సరిగ్గా ఆ కుటుంబానికే, ఆ కొలతకే చెందిన ఇంజన్ 1955లో ఇంగ్లండ్‌లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ పెట్టారు. అక్కడ రెండు కార్బరేటర్లు (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజన్‌కి ఇచ్చేవి) తగిలించుకుని పందేల్లో పరిగెత్తింది. ఇక్కడ ఒక్క కార్బరేటర్‌తో, వెనక సీట్లో ఐదుగురిని, డిక్కీలో బియ్యం బస్తాని మోసింది. ఈ సంగతి చెబితే మావయ్య చాలాసేపు బోనెట్ కిందకి చూస్తూ నిలబడి, "అందుకే పికప్ చచ్చినా మనిషి నిలబడ్డాడు" అన్నాడు. ఇంజన్ని ఆయన మనిషి అనే అనేవాడు.

ఆ మొదటి అంబాసిడర్లలో వచ్చిన ఎస్‌యూ కార్బరేటర్ నాకు అన్నిటికంటే ఇష్టం. పైన గుండ్రటి ఇత్తడి మూత ఉంటుంది, విప్పితే లోపల సన్నటి పొడుగాటి రాడ్డు. అందులో పల్చటి ఆయిల్ కొద్దిగా పొయ్యాలి. ఆ ఆయిల్ అయిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం గుటక మింగినట్టు తడబడుతుంది. చాలామంది జెట్లు మార్చి, ప్లగ్గులు మార్చి డబ్బులు తగలేసేవాళ్లు. మావయ్య ముందు మూత విప్పి ఆయిల్ చూసేవాడు. దీన్ని కనిపెట్టిన హెర్బర్ట్ స్కిన్నర్‌ది ఇంగ్లండ్‌లో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. 1905 ప్రాంతంలో ఆయన చేసిన మొదటి కార్బరేటర్లో ఇప్పటి లోహపు పిస్టన్ ఉండేది కాదు, దాని చోట తోలుతో కుట్టిన తిత్తి ఉండేది. గాలి లాగుడికి ఆ తిత్తి పైకి కిందకి కదులుతూ పెట్రోలు దారిని తెరుస్తూ మూస్తూ ఉండేది. ఇంట్లో ఉన్న తోలుతోనే ఆలోచన మొదలైందంటే నాకేం ఆశ్చర్యం అనిపించదు. ఆటోనగర్లో పుట్టిన పరికరాలన్నీ అలా చేతికి అందినదానితో పుట్టినవే.

తోలు సంగతి వచ్చింది కాబట్టి బెర్తా బెంజ్ గురించి చెప్పాలి. కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న మూడు చక్రాల బండికి పేటెంట్ వేశాడు. ఒకటే సిలిండర్, 954 సీసీ, ఒక హార్స్‌పవర్ కూడా లేదు. బండి ఉన్నా కొనేవాళ్లు లేరు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్తకి చెప్పకుండా మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. అంతదూరం కారులో అప్పటికి ఎవరూ వెళ్లలేదు. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ వైరు రాసుకుపోయి షార్టవుతుంటే కాలి మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్‌లాఖ్ ఊళ్లో మందుల షాపుకెళ్లి, మరకలు తీయడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోసింది. నీళ్లు ఆవిరైపోతుంటే ఊరూరా ఆగి నింపుకుంది. ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు దిగి నెట్టారు. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. తిరిగొచ్చాక, ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలని భర్తకి చెప్పింది, ఆయన పెట్టాడు.

ఈ కథ చదివిన రోజు నేను మావయ్యకి ఉత్తరం రాశాను. మా బెజవాడలో బెంజి సర్కిల్ ఉంది. అక్కడ ఒకప్పుడు టాటా-బెంజ్ లారీల షోరూమ్ ఉండడం వల్ల ఆ పేరొచ్చిందని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. 1954 నుంచి జంషెడ్‌పూర్లో టాటా వాళ్లు బెంజ్ వాళ్లతో కలిసి లారీలు చేశారు కదా, మాకు బెంజి అంటే లారీయే. ఆ పేరున్న ఇంటి ఆడమనిషి రోడ్డు మీద మొదటి రిపేరు చేసిందని రాస్తే, మావయ్య జవాబులో ఒకటే ముక్క రాయించాడు: "ఆవిడ కూడా ముందు పెట్రోలు, తర్వాత కరెంటు చూసింది, గమనించావా?" గమనించలేదు నేను. ఆయన చెప్పాకే మళ్లీ చదివాను.

రెండో ప్రశ్న, పెట్రోలుది, మే నెలలో ఎక్కువగా వచ్చేది. ఒక పెళ్లికి మేమంతా కారులో వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర మిట్టమధ్యాహ్నం బండి ఆగిపోయింది. డ్రైవరు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడుతుంటే మావయ్య, "ఆపవయ్యా, బ్యాటరీ కూడా పోద్ది" అని దిగాడు. కరెంటు బాగుంది. కార్బరేటర్ దగ్గర పైపు విప్పి, పంపుకున్న చేతిమీట ఆడిస్తే పెట్రోలు ధారగా రాలేదు, బుడగలు బుడగలుగా తుప్పరపడింది. కండువా నీళ్లల్లో ముంచి పెట్రోలు పంపుకి చుట్టాడు. అందర్నీ వేపచెట్టు కింద కూర్చోమన్నాడు. మా పెద్దమ్మకి ముహూర్తం టెన్షన్. కాసేపటికి కండువా మీద మళ్లీ నీళ్లు పోసి మీట ఆడిస్తే పెట్రోలు ధారగా కొట్టింది, బండి ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది.

కారణం తర్వాత తెలిసింది. పెట్రోల్లో తేలికపాటి భాగాలు 40 డిగ్రీలకి అటూఇటూగానే ఆవిరవడం మొదలుపెడతాయి. ఆ కాలం బళ్లలో పంపు ఇంజన్‌కి అతుక్కుని ఉండి, వెనక ట్యాంకులోంచి పెట్రోల్ని పీల్చేది. పీల్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. ఆవిరిని ఆ పంపు తోయలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకు లోపలే మునిగి ఉండి ఒత్తిడితో ముందుకి నెడుతుంది కాబట్టి తడిగుడ్డ అవసరం పోయింది. తడిగుడ్డ పంపుకే చుట్టాలి. బాగా వేడెక్కిన ఇంజన్ బ్లాకు మీద, హెడ్డు మీద చన్నీళ్లు గుమ్మరిస్తే పగుళ్లిస్తుంది. మరిగే రేడియేటర్ మూత విప్పితే ముఖం కాలుతుంది. ఈ రెండూ మావయ్య అడక్కుండానే ప్రతి డ్రైవరుకీ చెప్పేవాడు.

టాపెట్లు కట్టడానికి, అంటే వాల్వుల్ని తెరిచే మీటల దగ్గర గ్యాపు సరిచేయడానికి, ఆయన దగ్గర తొమ్మిది లెక్క ఉండేది. నాలుగు సిలిండర్లకి ఎనిమిది వాల్వులు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకునేదాకా హ్యాండిల్ తిప్పి, అప్పుడు ఒకటోది కట్టాలి. ఏడోది తెరుచుకుంటే రెండోది. ఆరైతే మూడు. ఎప్పుడూ కూడితే తొమ్మిది రావాలి. ఒకటీ నాలుగూ పిస్టన్లు కలిసి లేస్తాయి, రెండూ మూడూ కలిసి లేస్తాయి. ఒక జంటలో ఒకదాని వాల్వు తెరిచి ఉన్నప్పుడు రెండోదాని అదే వాల్వు పూర్తిగా వదులుగా ఉంటుంది. అందుకే ఆ లెక్క తప్పదు. చల్లారిన ఇంజన్‌లో గ్యాపు 15 థౌ. "టాపెట్ చప్పుడు చేస్తే భయపడకు, చప్పుడు ఆగిపోతే భయపడు" అనేవాడు. గ్యాపు మూసుకుపోయిన వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, తన వేడిని హెడ్డుకి ఇవ్వలేక అంచు కాలిపోతుంది.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటి ఉంది. షెడ్డులో పనయ్యాక కుర్రాళ్లు చేతులు పెట్రోలుతో కడుక్కునేవాళ్లు. ట్యాంకులోంచి డబ్బాలోకి పెట్రోలు తియ్యాలంటే పైపు నోట్లో పెట్టుకుని పీల్చేవాళ్లు. ఆ రోజుల్లో మన పెట్రోల్లో సీసం కలిసి ఉండేది. ఇంజన్ నాక్ కొట్టకుండా (లోపల పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనకుండా) పెట్రోల్లో సీసపు మందు కలపవచ్చని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టాడు, సెల్ఫ్ స్టార్టర్ చేసిన కెట్టరింగ్ కిందే పనిచేస్తూ. ఆ మందు చర్మం లోంచి కూడా ఒంట్లోకి దిగుతుంది. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట పనివాళ్లు పిచ్చెత్తినట్టయి చనిపోయారు. మిడ్జ్‌లీకే సీసం ఒంటికి పట్టి కొంతకాలం పని మానుకోవాల్సి వచ్చింది. ప్రమాదం సంగతి తయారుచేసినవాళ్లకి అప్పుడే తెలుసు. ఆటోనగర్లో పన్నెండేళ్ల కుర్రాడికి మాత్రం అరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరూ చెప్పలేదు. మన దేశంలో సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరి 1న పూర్తిగా ఆగిపోయింది. ఇంజన్ చరిత్రలో ఎన్ని గొప్ప పనులున్నా నేను ఈ ఒక్కదాన్ని క్షమించలేను. కెట్టరింగ్ తెలివంటే ఎంత గౌరవం ఉన్నా సరే.

సీసం పోయాక పాత ఇంజన్లకి కొత్త తిప్పలు వచ్చాయి. పోత ఇనుము హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మీద సీసం పల్చటి పొరలా ఉండి అరుగుదల ఆపేది. అది లేక సీట్లు తినేసి, వాల్వు లోపలికి కూర్చుని, టాపెట్ గ్యాపు దానంతటదే మూసుకుపోతుంది. మళ్లీ మళ్లీ గ్యాపు తగ్గుతుంటే హెడ్డు విప్పి, లేత్ పనివాళ్ల చేత గట్టి ఉక్కు సీట్లు వేయించాలి. ఒకసారి వేయిస్తే చాలు.

1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళం ఇచ్చారు. కొన్నాళ్లకి అది మా షెడ్డుకీ వచ్చింది. మూడే సిలిండర్లు, 796 సీసీ, ఇంజన్ అడ్డంగా పడుకోబెట్టి ఉంది, హెడ్డు అల్యూమినియం. హ్యాండిల్ బెజ్జం లేదు. పెద్ద మేస్త్రీలు కొందరు మాకొద్దన్నారు. మావయ్య బోనెట్ ఎత్తి, కుర్చీ వేసుకుని పొద్దున్నంతా చూశాడు. సాయంత్రానికి, "మనిషి చిన్నోడే, అడగాల్సినవి ఆ మూడే" అన్నాడు. అల్యూమినియం హెడ్డు వేడి తట్టుకోదని మాత్రం త్వరగా పసిగట్టాడు. నీళ్లు తక్కువగా ఉండగా తోలితే హెడ్డు వంగి గాస్కెట్ పోతుంది, ఆయిల్ గేజ్ కడ్డీ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తుంది. అలా కనబడితే బండి స్టార్ట్ చేయకుండా తాడు కట్టి లాక్కురమ్మనేవాడు. 2000 ప్రాంతంలో కార్బరేటర్లు పోయి ఇంజెక్షన్ బళ్లు వచ్చాక షెడ్డు తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి అప్పగించాడు. పాయింట్ల బళ్లు ఏవైనా వస్తే ఆ అబ్బాయి ఇంటికి కబురు పెట్టేవాడు, మావయ్య వెళ్లేవాడు.

ఇప్పుడు పాత బళ్లు దాచుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇథనాల్ గురించి. సీసం కనిపెట్టకముందే మిడ్జ్‌లీ, కెట్టరింగ్ ఆల్కహాల్ కలిపినా ఇంజన్ నాక్ ఆగుతుందని పరీక్షించి తెలుసుకున్నారు. వందేళ్ల తర్వాత ఆ ఆల్కహాలే మన ట్యాంకుల్లోకి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మకం మొదలైంది. ఒంటికి సీసం కంటే వెయ్యి రెట్లు నయం, నాకు సంతోషమే. కానీ 1970ల, 80ల బళ్లలో రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం (లోపల ఆడే పల్చటి పొర), కార్క్ గాస్కెట్లు దీనికోసం చేసినవి కావు. మెత్తబడి, ఉబ్బి, పగుళ్లిస్తాయి. ఇథనాల్ గాలిలో తడిని కూడా లాక్కుంటుంది కాబట్టి నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకులో నీళ్లు చేరి తుప్పు పడుతుంది.

మీ ఇంట్లో నాన్నగారిదో తాతగారిదో కార్బరేటర్ బండి ఉంటే, ముందు ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా ప్రతి రబ్బరు గొట్టాన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకంతో మార్పించండి. పంపు డయాఫ్రం కూడా. ఎక్కువ రోజులు నిలపాల్సి వస్తే కార్బరేటర్ తొట్టెలో పెట్రోలు ఖాళీ చేసి ఉంచండి. గొట్టాలు మార్చిన మొదటి వారం రోజూ బోనెట్ ఎత్తి, క్లిప్పుల దగ్గర తడి ఉందేమో వేలితో తాకి చూసుకోండి. ఇలాంటి చాలా బళ్లలో కార్బరేటర్ కిందే వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటకి పోయే గొట్టాల మొదలు) ఉంటుంది, దాని మీద పెట్రోలు కారితే అంటుకుంటుంది.